పరశురాములు చూడని సున్నా

పరశురాములు ఉద్యోగం ఏమిటని అడిగితే రెండు జవాబులున్నాయి. అడిగినవాడు బ్యాంకు మేనేజరో, పిల్లనడగడానికి వచ్చినవాళ్ళ తాలూకు పెద్దమనిషో అయితే కాస్త గొంతు సవరించుకుని "ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబ్ టెక్నీషియన్‌ని" అంటాడు. అడిగినవాడు మోతె బస్టాండులో పక్కన కూర్చుని బీడీ ముట్టించినవాడైతే మాత్రం "ఇనుము ఇరగ్గొడత" అని ఊరుకుంటాడు. రెండింట్లో నిజానికి దగ్గరగా ఉన్నది రెండోదే. సూర్యాపేట దాటి కోదాడ పోయే హైవే పక్కన ఉన్న ఆ కాలేజీలో పదమూడేళ్ళుగా అతను చేస్తున్న పని అదే.

భార్య సోమమ్మకు ఇదొక వింత. "ఇంట్ల ఒక గాజు గ్లాసు పలిగితే పొద్దుందాక సణుగుతడు. గాడ పొద్దున్నించి ఇరగ్గొట్టుడే పని. దానికి జీతం గూడ ఇస్తరట!" అని వాడకట్టు ఆడవాళ్ళ దగ్గర నవ్వుతుంది. పరశురాములు కాదనడు. తన మీద ఎవరు జోకు వేసినా ముందుగా నవ్వేది తనే. పైగా ఒక ముక్క కలుపుతాడు కూడా: "మంచిగ ఇరగ్గొడితే ఇంక్రిమెంటు గూడ ఉంటది."

ఆ ఇరగ్గొట్టే యంత్రం గురించి రెండు మాటలు చెప్పకపోతే ముందుకు పోలేం. రెండు ఇనుప స్తంభాలు, వాటి మధ్య పైన ఒక ఇరుసు. ఇరుసుకు వేలాడే కడ్డీ, దాని చివర ఇరవై కిలోల సుత్తి. సుత్తిని ఒక పక్కకు మనిషి తలకన్నా ఎత్తుకు లేపి కొండికి తగిలిస్తారు. కింద సరిగ్గా మధ్యలో, వేలెడంత ఇనుప ముక్కకు సన్నటి గాటు పెట్టి ఆనిస్తారు. కొండి వదలగానే సుత్తి ఊయలలా దిగివచ్చి, ముక్కను ఫట్‌మని విరగ్గొట్టి, అవతలి వైపుకు లేస్తుంది. ముక్క గట్టిదైతే సుత్తి బలమంతా తనే తినేస్తుంది కాబట్టి సుత్తి ఎంతో దూరం లేవదు. పెళుసుదైతే ఏమీ తినదు, సుత్తి హాయిగా పైకి పోతుంది. ముక్క ఎంత బలం తిన్నదో పైనున్న గుండ్రటి పలక మీద ఒక ముల్లు జౌళ్ళలో చూపిస్తుంది.

ఇంతా ఎందుకంటే, నెమ్మదిగా లాగితే టన్నుల బరువు మోసే ఇనుము కూడా ఒక్క అదుటున దెబ్బ తగిలితే పుటుక్కున తెగొచ్చు. లోకంలో దెబ్బలన్నీ అదుటునే తగులుతాయి. ఈ సంగతి కొత్తగా చేరిన పిల్లలకు పరశురాములు తన భాషలో చెబుతాడు. "నన్ను సూడుండ్రి. నెలంత పని చెప్పినా చేస్త. మా ఇంటామె ఒక్కపాలి గట్టిగ కసిరితె రెండు ముక్కలైత. గదే ఈ టెస్టు."

ఇతను ఈ పనిలోకి ఎలా వచ్చాడంటే, గొర్రెలు కాయడం చేతకాక వచ్చాడు. తండ్రి రామనర్సయ్యకు మోతె దగ్గర డెబ్బై గొర్రెల మంద ఉండేది. తుమ్మచెట్టు కింద కునుకు తీస్తూనే ఏ గొర్రె దగ్గిందో, ఏ పిల్ల తల్లిని వెతుక్కుంటోందో ఆయన చెవితో చెప్పేవాడు. కొడుక్కు ఆ చెవి అబ్బింది గానీ కన్ను అబ్బలేదు. పరశురాములు మందకు కాపలా ఉన్న మూడు నెలల్లో గొర్రెలు రెండుసార్లు మిరప చేన్లో పడ్డాయి, ఒకసారి పెన్‌పహాడ్ దాకా పోయి వేరే మందలో కలిశాయి. పెద్దాయన తల పట్టుకుని, "గొర్లు బతకాలంటె నువ్వు సదువుకోవాలె బిడ్డా" అని సూర్యాపేటలో ఐటీఐలో వేశాడు. చదువు కోసం త్యాగం చేసిన తండ్రుల కథలు అందరికీ ఉంటాయి. పరశురాములు తండ్రి మాత్రం గొర్రెల కోసం చేశాడు. ఆ తర్వాత మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఆరేళ్ళు ఫిట్టరు. అక్కడ ఎలివేటరు చప్పుడు విని ఏ బకెట్టు బోల్టు వదులైందో చెప్పేవాడు. ఆ చెవితోనే కాలేజీలో అడుగుపెట్టాడు.

సుత్తి యంత్రం దగ్గరకొచ్చాక ఆ చెవికి ఎక్కడ లేని పేరొచ్చింది. ముక్క విరిగిన చప్పుడు వినగానే, ముల్లు వైపు చూడకుండా, "ముప్పై నాలుగు" అనేవాడు. చూస్తే ముప్పై నాలుగో, ముప్పై అయిదో. పిల్లలు అతనికి "జౌల్ కాక" అని పేరు పెట్టారు. కాక మీసం మీద చెయ్యి వేసుకుని, ఏమీ ఎరగనట్టు రిజిస్టరు రాసుకునేవాడు. చెప్పొద్దూ, ఆ పేరు ఎవరైనా మర్చిపోతే గుర్తుచేసే ఏర్పాటు కూడా తనే చేసుకునేవాడు.

ఆ రిజిస్టరులోనే ఉంది అసలు సంగతంతా. రోజూ పొద్దున మొదటి టెస్టుకు ముందు, ముక్క పెట్టకుండా సుత్తిని ఒకసారి ఖాళీగా వదలాలి. తినడానికి ఏమీ లేదు కాబట్టి ముల్లు సున్నా చూపాలి. చూపిందని రిజిస్టరులో సున్నా రాసి సంతకం పెట్టాలి. మొదటి రెండేళ్ళు పరశురాములు ఈ పని భక్తిగా చేశాడు. ప్రతిరోజూ సున్నాయే వచ్చింది. మూడో ఏడు నుంచి రోజు మార్చి రోజు చేశాడు. అప్పుడూ సున్నాయే. ఇక తర్వాత, రోజూ సున్నా వచ్చే దానికోసం ఇరవై కిలోల సుత్తిని లేపడం దేనికనిపించింది. సోమవారం పొద్దున టీ తాగుతూ శనివారం దాకా ఆరు సున్నాలు ఒక్కసారే రాసేసేవాడు. ఒకే పెన్నుతో రాస్తే రిజిస్టరు చూడటానికి కూడా బాగుంటుందని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

మొన్నటి దసరాకు ఆయుధపూజ తన చేతి మీదుగా జరిగింది. మిగతా ల్యాబుల వాళ్ళు యంత్రాలకు బొట్టు పెట్టి, గడప దగ్గర కొబ్బరికాయ కొట్టి సరిపెట్టారు. పరశురాములు సరిపెట్టుకునే రకం కాదు. ఊళ్ళో ఎవరికీ లేని సుత్తి తన దగ్గరుండగా కాయను రాతికేసి కొట్టడమేమిటని, ఇనుప ముక్క పెట్టేచోట కొబ్బరికాయ పెట్టి కొండి వదిలాడు. కాయ ఎన్ని చెక్కలైందో ఎవరికీ తెలియదు. నీళ్ళు గోడ మీద, కిటికీ మీద, పైన ఇరుసు మీద, ముందు వరసలో నిలబడ్డ పిల్లల మొహాల మీద పడ్డాయి. చప్పట్లు మోగాయి, వీడియోలు తీశారు. ఎవడో "కాకా, కొబ్బరికాయ ఎన్ని జౌళ్ళు?" అంటే, "పన్నెండు" అన్నాడు తడుముకోకుండా. ఆ ఊపులో పసుపూ కుంకుమా నూనెలో కలిపి, యంత్రానికి మొహం ఎక్కడుందో వెతికి, ఇరుసు రెండు చివర్లే మొహమని తేల్చి, అక్కడ అరచేతి మందాన మెత్తాడు. నూనె పోసే రంధ్రం కూడా ఆ మొహంలోనే ఉంది. పండగ సెలవులయ్యాక కనిపించినంత మేర తుడిచాడు. కనిపించనిది లోపలే ఉండిపోయింది.

సెలవులు అయిన వారంలోనే ఈదయ్య వచ్చాడు. ఈదయ్యది హుజూర్‌నగర్‌లో వెల్డింగు షాపు. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉండే పిన్ను తయారుచేస్తాడు. బొటనవేలికి రెండింతల లావుండే ఆ ఇనుప కడ్డీ తెగితే ట్రాలీ ట్రాక్టరును వదిలి తన దారి తాను చూసుకుంటుంది. ట్రాలీలో వడ్లు ఉంటాయి, వడ్ల మీద మనుషులుంటారు. అందుకని చుట్టుపక్కల ఎవరూ చేయని పని ఈదయ్య చేస్తాడు. పిన్నులు చేసిన కడ్డీలోంచే, అదే కొలిమిలో కాల్చిన ముక్కలు తెచ్చి కాలేజీలో టెస్టు చేయించుకుంటాడు. ఇరవై ఏడు జౌళ్ళు దాటితేనే పిన్ను మీద నంబరు కొట్టి అమ్ముతాడు.

ఆ రోజు కొత్త కడ్డీతో చేసిన పన్నెండు పిన్నుల కోసం నాలుగు ముక్కలు తెచ్చాడు. మొదటిది విరిగిన చప్పుడుకు పరశురాములు "ఇరవై రెండు" అన్నాడు. ముల్లు ఇరవై ఎనిమిది దగ్గరుంది. పిల్లలు గొల్లుమన్నారు. రెండోదానికి "ఇరవై మూడు" అన్నాడు, ముల్లు ఇరవై తొమ్మిది చూపింది. మూడోదానికి లెక్క చెప్పడం మానేసి ముల్లు వైపు చూశాడు. అదీ ఇరవై ఎనిమిదే. మూడు చాలు కాబట్టి నాలుగోది పక్కన పెట్టి, పాస్ అని రిపోర్టు రాశాడు. విరిగిన చోటు ఉప్పుకల్లులా తళతళ మెరుస్తోంది. గట్టి ఇనుము అలా మెరవదని అతను పిల్లలకు పదమూడేళ్ళుగా చెబుతున్నాడు. కానీ ఆ పూట పరువు పోయిన దిగులులో ఉన్నాడు. చెవి పోయిందన్న బాధ ముందు ఇనుము మెరుపు ఎవడికి కావాలి?

తర్వాత నెల రోజులూ అదే వరస. ఏ ముక్క విరిచినా కాక లెక్క ఆరు జౌళ్ళు తక్కువే. పిల్లలు పాత పేరు తీసేసి "ఆరు తక్కువ కాక" అనడం మొదలుపెట్టారు. పరశురాములు అందరికంటే ముందు నవ్వాడు గానీ లోపల కుతకుత ఉడికిపోయాడు. చివరికి ఒక సోమవారం సెలవు పెట్టి సూర్యాపేటలో చెవుల దవాఖానకు పోయాడు. డాక్టరు రెండు చెవుల్లోనూ లైటు వేసి చూసి, కాస్త గులిమి తీసి, "మీ చెవులు ఇరవయ్యేళ్ళ పిల్లగాడి చెవుల్లెక్క ఉన్నయి, ఎందుకొచ్చిండ్రు?" అన్నాడు. జౌళ్ళ గురించి ఆయనకు ఎలా చెబుతాడు? తల ఊపి వచ్చేశాడు.

"ఏమన్నడు డాక్టరు?" అంది సోమమ్మ.

"చెవులు మంచిగనే ఉన్నయట."

"మరి నేను పిలిస్తె ఎందుకినపడదు నీకు?"

మంగళవారం పొద్దున కాలేజీకి పోతూనే ల్యాబు తాళం తీశాడు. పిల్లలు ఇంకా రాలేదు. డాక్టరు తేల్చాడు కాబట్టి ఇక తప్పు ఎక్కడుందో చూడాలన్న పట్టుదల వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత, ముక్క పెట్టకుండా, సుత్తిని ఖాళీగా వదిలాడు.

సుత్తి దిగింది, లేచింది. ముల్లు కదిలి ఆగింది. ఆరు మీద.

మళ్ళీ వదిలాడు. ఆరు. ఇంకోసారి. ఆరే.

ఇరుసు లోపల ఏదో పట్టేసింది. ఏ ముక్కా తినని ఆరు జౌళ్ళను యంత్రం తనే తింటూ ముక్క లెక్కలో వేస్తోంది. పరశురాములుకు ముందుగా కలిగింది సంతోషం. ఇది చెప్పుకోవడానికి అతనికిప్పటికీ సిగ్గే గానీ, దాచడు. "నా చెవి కరెక్టు! నా చెవి కరెక్టు!" అని ఖాళీ ల్యాబులో గంతులేశాడు. పిల్లలు వచ్చాక ఎలా చెప్పాలి, ఎవరి మొహం ఎలా మాడుతుంది అని రెండు నిమిషాలు ఊహించుకుని మురిసిపోయాడు. ఫోను తీసి సోమమ్మకు చెబుదామనుకున్నాడు కూడా.

అప్పుడు బల్ల మీద ఈదయ్య వదిలిపోయిన నాలుగో ముక్క కనబడింది. చెవి కరెక్టయితే ఆ ఇనుము ఇరవై రెండు. ఇరవై రెండంటే ఫెయిల్. ఫెయిలైన కడ్డీతో చేసిన పన్నెండు పిన్నులు, తన సంతకంతో, నెల రోజులుగా రోడ్ల మీద వడ్లు లాగుతున్నాయి.  స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అదీ దాచకూడదు. ఇరుసు విప్పి కడిగేస్తే సాయంత్రానికి ముల్లు సున్నాకు వస్తుంది. రిజిస్టరులో ఎలాగూ సున్నాలే ఉన్నాయి. ఎవరికీ తెలియదు. ఈ ఆలోచనను అతను ఒక టీ చల్లారేంత సేపు పెట్టుకున్నాడు. ఆ తర్వాత టీ పారబోసి, రిజిస్టరు చంకలో పెట్టుకుని మేడం గదికి నడిచాడు.

ల్యాబు చూసే సుధ మేడంది కోదాడ. నెమ్మదస్తురాలు. తల ఎత్తి చూసి, "ఏంటి పరశురాములు గారూ, అలా ఉన్నారు? ఇంట్లో అందరూ బానే ఉన్నారా?" అంది.

"ఇంట్ల మంచిగనే ఉన్నరు మేడం. నేనే పెద్ద తప్పు జేసిన." కొబ్బరికాయ దగ్గర మొదలుపెట్టి ఆరు జౌళ్ళ దాకా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

మేడం రిజిస్టరు తిప్పింది. ఆ వారం పేజీ దగ్గర ఆగింది.

"ఇవాళ మంగళవారం కదండీ. శనివారం దాకా సున్నాలు ఎలా వచ్చాయి?"

పరశురాములు నిన్న సెలవులో ఉన్నాడు, అయినా నిన్నటి సున్నా కూడా ఉంది. పోయిన శనివారమే, సెలవు పెడుతున్నాను కదా అని, ముందుచూపుతో రాసిపెట్టాడు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "పాత పేజీలన్నిటి కింద నా సంతకం కూడా ఉంది. నేనూ చూడలేదు," అంది మెల్లగా. తర్వాత చున్నీ బిగించుకుని, "పదండి, ముందు కడుగుదాం" అని లేచింది.

ఇరుసు విప్పి కిరోసిన్‌తో కడిగితే, పసుపూ కుంకుమా జిడ్డూ కలిసి ఎండిన పిడచలు ఊడివచ్చాయి. కొత్త నూనె వేసి ఖాళీగా వదిలారు. ముల్లు సున్నాకు వచ్చింది. మూడుసార్లూ సున్నాయే. ఈదయ్య నాలుగో ముక్క పెట్టి వదిలారు. పరశురాములు చెవులు మూసుకుందామనుకున్నాడు. ఇరవై రెండు. వేసవిలో ఈదయ్య తెచ్చిన పాత కడ్డీ ముక్క ఒకటి అలమరలో ఉంటే దాన్నీ పెట్టారు. నలభై ఒకటి. అంటే పాతవి గట్టివే, ఈ పన్నెండే పెళుసు.

మేడం స్వయంగా ఈదయ్యకు ఫోను చేసి చెప్పింది. పది గంటలకల్లా ఈదయ్య కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి, బండ్లు ఎక్కడివక్కడ ఆపించాడు. పదకొండు దొరికాయి. పన్నెండోది జైరాం ట్రాక్టరు. పొద్దున్నే వడ్లు వేసుకుని మిర్యాలగూడ మిల్లులకు బయల్దేరాడు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ట్రాక్టరు మీద రెండు స్పీకర్లు పెట్టుకుని పాటలు వింటూ పోయేవాడికి ఫోను ఎలా వినబడుతుంది?

పరశురాములు తన స్కూటరు తీశాడు. కోదాడ మీదుగా హుజూర్‌నగర్ చేరేసరికి ఈదయ్య షాపు ముందు నిలబడే ఉన్నాడు, చేతిలో పాత కడ్డీతో చేసిన పిన్ను పట్టుకుని. అరుస్తాడనుకున్నాడు. ఈదయ్య అరవలేదు.

"నీ పేరు చెప్పి అమ్మిన తమ్మీ," అన్నాడు. "పరశురాములు సూసిండంటె ఇగ సూసుడు లేదని చెప్పిన."

 ఏ మాటకైనా ఒక జోకు సిద్ధంగా ఉండే పరశురాములు పిన్ను తీసుకుని డిక్కీలో పెట్టుకుని బయల్దేరాడు.

హుజూర్‌నగర్ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద స్పీడు బ్రేకర్లు ఎన్నున్నాయో అతను ఏనాడూ లెక్కపెట్టలేదు. ఆ రోజు లెక్కపెట్టాడు. నేరేడుచర్ల వచ్చేసరికి పద్నాలుగు. ప్రతి బ్రేకరు దగ్గరా ట్రాక్టరు ఎగిరి దిగుతుంది, వెనక ట్రాలీ ఒక్క కుదుపు కుదుపుతుంది, ఆ కుదుపంతా పిన్ను మీదే పడుతుంది. ల్యాబులో ఒక్క సుత్తి దెబ్బకు జౌళ్ళు లెక్కకట్టి పాస్, ఫెయిల్ అని రాసే మనిషికి, దెబ్బ అంటే ఏమిటో ఆ రోడ్డు మీద తెలిసింది. ప్రతి మలుపు తిరిగేటప్పుడు ముందు రోడ్డు పక్క గుంట వైపు చూశాడు. వడ్లు ఒలికి ఉంటాయేమోనని, పక్కన మనుషులు మూగి ఉంటారేమోనని. ఏమీ లేదు. దేవుడా ఏమీ లేదు అనుకుంటూ మళ్ళీ బండి ఉరికించాడు.

మిర్యాలగూడ ముందు మిల్లుల దగ్గర అర కిలోమీటరు పొడవున ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. పాటల్ని బట్టి జైరాం బండి పట్టుకున్నాడు. వరసలో సగం దాకా వచ్చి ఉంది. వరస కదిలినప్పుడల్లా జైరాం క్లచ్ వదులుతున్నాడు, ట్రాలీ జర్క్ తింటోంది. ట్రాలీలో వడ్ల మీద జైరాం అక్క నీలా కూర్చుని ఉంది. పంట ఆమెది. మిల్లులో తూకం తన కళ్ళతో చూడకుండా ఆమె ఒక్క గింజ కూడా అమ్మదు.

"జైరాం, బండి బందు పెట్టు! పిన్ను మార్వాలె!" అని అరిచాడు పరశురాములు.

"ఎవలన్నా నువ్వు? ఇప్పుడు పిన్ను తీస్తె లైను పోతది నాకు," అన్నాడు జైరాం పాట ఆపకుండానే. "అయినా గిది మామూలు పిన్ను గాదు. కాలేజీల టెస్టయిన పిన్ను. నంబరు సూడు గాడ."

"ఆ టెస్టు జేసింది నేనే."

"అయితె ఇగ పరేషానేంది నీకు?"

ముందూ వెనకా ట్రాక్టర్ల వాళ్ళు దిగి చుట్టూ చేరారు. ఇంతమంది ముందు కాకుండా జైరాం చెవిలో చెబుదామని పరశురాములు ఒక అడుగు ముందుకు వేశాడు. పాట హోరులో చెవిలో చెప్పే వీలు లేదు. గొంతెత్తి చెప్పాల్సి వచ్చింది.

"నేను సూడకుండ రాసిన తమ్మీ! మిషిన్ల లొచ్చు ఉన్నది, సూసుకోలె. అది ఫెయిలైన పిన్ను. పాసయిందని రాసి సంతకం పెట్టిన!"

జైరాం పాట ఆపేశాడు.  ఎవరో ఒకాయన, "సూడకుండ ఎట్ల రాస్తరన్నా?" అన్నాడు. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడు. ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. 

నీలా లేచి, చీర కొంగు దోపుకుని, ట్రాలీ చక్రం మీద కాలు పెట్టి కిందికి దిగింది. వెనకాల ట్రాక్టరాయన వరస ఆపి నిలబడ్డాడు. ట్రాలీ కింద రాళ్ళు పెట్టి, స్టాండు దించి, జైరామూ పరశురాములూ కలిసి పెళుసు పిన్ను తీశారు. పైకి ఏ మచ్చా లేదు, నిగనిగలాడుతోంది. పరశురాములు దాన్ని చేతిలో తిప్పి చూశాడు. నెల రోజులు ఎన్ని బ్రేకర్లు, ఎందరు మనుషులు. ఈదయ్య ఇచ్చిన పిన్ను దించి, కింద కొక్కెం వేసి, రెండుసార్లు గుంజి చూశాడు.

"ఎక్కక్కా, ఇగ ఏం భయం లేదు," అన్నాడు నీలాతో.

ఆమె ఎక్కలేదు. పిన్ను వైపు చూసింది, అతని వైపు చూసింది.

"గీ కొత్తది ఎవలు టెస్టు జేసిండ్రు?"

"నేనేనక్కా. ఇయ్యాల పొద్దుగాల. ఈసారి మంచిగ సూసిన."

నీలా మొహంలో కోపం లేదు. పంట అమ్మడానికి పోతున్న మనిషికి ఉండే తొందర తప్ప ఇంకేమీ లేదు.

"అయితె నేను నడిసే వస్తలే అన్నా," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. అలవాటు కొద్దీ పరశురాములూ అందరికంటే ముందే నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.  ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే నడవడం మొదలుపెట్టింది, ట్రాలీకి రెండు బారల దూరంలో, రోడ్డు అంచున.

వరస కదిలింది. జైరాం క్లచ్ వదిలాడు, ట్రాలీ జర్క్ తిని ముందుకు పోయింది. పరశురాములు బండి స్టార్టు చేయలేదు. హ్యాండిలు పట్టుకుని తోసుకుంటూ, కళ్ళు పిన్ను మీదే పెట్టి, నీలా వెనకాల మిల్లు గేటు దాకా నడిచాడు.